రవికగుడ్డ జెండా

పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారని సామెత. ఎముకల డాక్టర్లు పుట్టించి ఉంటారు. విమలమ్మ మాత్రం వంటింటి గడప దగ్గర కాలు జారి పడ్డ నాటి నుంచీ కూతురి దృష్టిలో చెడ్డదే.

అదేమంత పెద్ద పడటం కాదు. పడ్డప్పుడు చేతిలో పప్పుగిన్నె ఉంది. మనిషి ఒరిగింది గానీ గిన్నె ఒలకలేదు. లేచి, పప్పుకు తాలింపు పెట్టుకొని, తిని, చెయ్యి కడుక్కుంది. ఎవరికీ చెప్పలేదు. డెబ్బై దాటిన మనిషి, బడిలో హిందీ చెప్పి రిటైరైన మనిషి, నోరు కట్టుకోవడం ఆమెకు పెద్ద పని కాదు. మోచేతి మీద కమిలిన మచ్చకే నోరు కట్టలేకపోయింది.

ఆ మచ్చ చూసిన ఆదివారమే కూతురు వసుధ నేరేడ్‌మెట్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చింది. అందులో కెమేరాలు. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి. చూడటమే కాదు, మాట్లాడతాయి కూడా. వసుధ ఆఫీసులో కూర్చొని ఫోన్లో చూస్తూ "అమ్మా, గోలీ వేసుకున్నవా?" అంటే, ఇక్కడ మల్కాజ్‌గిరిలో గోడ అడుగుతుంది.

"పేరుల మేర ఉంది గని దాని చూపుకే మేర లేదే," అంది విమలమ్మ. "నా ఇంట్ల నేను తల దువ్వుకుంటే నీ ఆఫీసుల తెల్వాల్నా?"

"నువ్వు ఒక్కదానివే ఉంటే నాకు నిద్ర పడ్తలేదమ్మా."

"నాకైతే మంచిగనే పడ్తుంది."

"పడ్తుంది. అదే నా భయం."

మాట తల్లిదే, కూతురి నోట్లో పెరిగింది. విమలమ్మ లోపల మెచ్చుకొని, పైకి ముఖం మాడ్చుకుంది.

ఆ రోజు పెట్టె తెరవకుండా ఆపినవాడు ఎదురు బ్లాకు సోమయ్య. రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన దిగిపోయాక ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు మార్చారు. జీవితమంతా రైలు వెనకాల ఉన్నవాడికి ఆ పేరు కూడా వెనకాలే వచ్చిందని ఆయనకొక బాధ.

"టీచరమ్మా, రైలుకు ముందట డ్రైవరుంటడు, ఎనక గార్డుంటడు," అన్నాడు సోమయ్య. "నడుమ అన్ని డబ్బాలు. ఒకల మొకం ఒకలకు కనబడదు. గని పచ్చజెండ ఊపుకుంటే ఎరికైతది, అంత మంచిగనే ఉన్నదని. దాన్నే ఆల్ రైట్ అంటరు. మనకు సుత గదే చాలు. కెమెరలెందుకు, పరేషాన్?"

ఆ అపార్టుమెంటుకు రెండు బ్లాకులు, ఎదురెదురుగా. ఈ బాల్కనీలో ఉల్లిపాయ తరిగితే ఆ బాల్కనీలో కళ్లు మండేంత దూరం. కాబట్టి జెండా కనబడటానికి అడ్డమేమీ లేదు. సోమయ్య జనరల్ బజార్‌కు వెళ్లి పచ్చది ఒక తాను, ఎర్రది ఒక తాను తెచ్చాడు. ఎందుకని దుకాణం అతను అడిగితే "ఇంటింటికీ పంచేటందుకు" అన్నాడట. శ్రావణమాసం ముంగిట పంచుతున్నారంటే ఇంకేముంటుంది? దుకాణం అతను రవికగుడ్డల కొలతకే కత్తిరించి, ఇస్త్రీ మడతలు పెట్టి, ఒక్కొక్కటీ కవర్లో దోపి ఇచ్చాడు. పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ ఒక పచ్చది, ఒక ఎర్రది చేరాయి.

షరతులు సోమయ్యే చెప్పాడు. పొద్దున పాలు పొంగేలోపు పచ్చగుడ్డ గ్రిల్లుకు కట్టాలి. చీకటి పడేలోపు తీసెయ్యాలి. తెల్లారాక పచ్చ కనబడని ఇంటి తలుపు కొట్టాలి. ఎర్రది కనబడితే పరుగెత్తాలి. పరుగెత్తే వయసువాళ్లు ఆ జాబితాలో ఎవరూ లేరని గుర్తొచ్చి, "జెర జల్ది నడవాలె" అని సవరించాడు. రోజూ పొద్దున ఆయన కింద నిలబడి రెండు బ్లాకులూ పరికించి, పిల్లలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో "ఆల్ రైట్" అని పెట్టేవాడు.

వసుధ ఒప్పుకుంది, ఒక మెలిక పెట్టి. "ఒక్కరోజు తప్పినా నేనొచ్చి పెట్టె తెరుస్తా. అప్పుడు నువ్వు మాట్లాడొద్దు."

పెట్టె ఫ్రిజ్ మీదికెక్కి కూర్చుంది. పాలగిన్నె కోసం తలుపు తీసినప్పుడల్లా దాన్ని చూసి విమలమ్మకు కాఫీ చేదయ్యేది. అందుకని జెండా విషయంలో ఆమె సోమయ్య కంటే స్ట్రిక్టు. పొద్దున కట్టడం, సాయంత్రం విప్పడం, మడత మీద మడత పెట్టి బీరువాలో దాచడం. ఇస్త్రీ మడత చెడనిచ్చేది కాదు.

అక్కడే వచ్చింది చిక్కు.

విమలమ్మ బీరువాలో ఒక అర నిండా రవికగుడ్డలుండేవి. రవి కాంచని రవికగుడ్డలు. ఒక్కదానికీ రవిక అయ్యే యోగం లేదు. పేరంటంలో ఒకరు పెడతారు, అది బీరువాలోకి వెళుతుంది, ఇంకో పేరంటంలో ఇంకొకరికి వెళుతుంది. తన పెళ్లినాటి ముక్క ఒకటి సికింద్రాబాదంతా తిరిగి ముసలిదై మళ్లీ తన ఒళ్లోకే వచ్చిందని విమలమ్మ చెప్పేది. ఇంటికొచ్చిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపకూడదన్నది ఆమె నియమం. మొగుడు పోయాడు గానీ మర్యాద పోలేదు. అట్లాంటివాళ్లు పెట్టకూడదని ఎవరో అంటే, "శాస్త్రం వచ్చి నన్ను అడగలే, నేను పోయి శాస్త్రాన్ని అడగలే" అంది.

శ్రావణ శుక్రవారం సాయంత్రం వియ్యపురాలు అచ్చియమ్మ వచ్చింది. వసుధ అత్తగారు. తుని వైపు మనిషి. కొడుకు వాసుతో, కోడలితో నేరేడ్‌మెట్లో ఉంటుంది. వాసు కారులో దింపి, గంటలో వస్తానని వెళ్లాడు.

విమలమ్మ అప్పుడే పచ్చగుడ్డ విప్పి మడత పెడుతోంది.

"ఏటి వదినగారూ, గుమ్మానికి కట్టవలసిన తోరణం గ్రిల్లుకి కట్టారు?" అంది అచ్చియమ్మ.

విమలమ్మ కాఫీ కలుపుతూ జెండా కథంతా చెప్పింది. పచ్చ కనబడితే అంతా బాగున్నట్టు. కనబడకపోతే మనిషి వస్తారు. అంతే. కొంచెం గర్వంగానే చెప్పింది.

"అదృష్టమండి," అంది అచ్చియమ్మ. "నా గదిలో కెమేరా పెట్టీసింది అమ్మాయి. గోడ మీద సోడాబుడ్డి మూతంత ఉంటాది. చీర మార్చుకోవాలంటే బాత్రూములోకి ఎల్లాలి. మొన్న తుమ్మానండి. ఆఫీసు నుంచి 'అత్తయ్యా, ఆవిరి పట్టండి' అంది. ఉలిక్కిపడి మళ్లీ తుమ్మాను."

"నా బిడ్డనే. నేనేం చెప్పాలె?"

"మంచి పిల్లేనండి. అదే కష్టం. చెడ్డదైతే హాయిగా తిట్టుకుందును."

ఇద్దరూ బాల్కనీలో కుర్చీలు వేసుకున్నారు. కింది ఇంట్లో పేరంటం పాటలు మొదలయ్యాయి. ఎదురు బ్లాకులో రామభద్రరావు గారి గ్రిల్లుకు పచ్చగుడ్డ ఇంకా ఊగుతోంది. బ్యాంకులో ఆఫీసరుగా చేసిన మనిషి. భార్య పోయాక ఒక్కరే ఉంటారు.

"చూసినవా వదినా," అని నవ్వింది విమలమ్మ. "చీకటి పడ్డది. మగోళ్లకు ఆరేసుడు తెలుస్తది గని తీసుడు తెల్వదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కింద వాసు హారన్ కొట్టాడు. అచ్చియమ్మ లేచింది. విమలమ్మ గబగబా బీరువా తెరిచి, పైన చేతికందిన ముక్క తీసి, రెండు అరటిపండ్లు పెట్టి వదినగారి చేతిలో పెట్టింది. ఆ రాత్రి వాన పడింది. విమలమ్మకు మంచిగనే నిద్ర పట్టింది.

తెల్లారి పాలు పొయ్యి మీద పెట్టి బీరువా తెరిచింది. పచ్చగుడ్డ లేదు. అర మొత్తం మంచం మీదికి దిమ్మరించింది. గులాబీ ఉంది, నేరేడు రంగుంది, పసుపుంది, ఎర్రజెండా భద్రంగా ఉంది. పచ్చ లేదు. అరటిపండ్లు గుర్తొచ్చాయి. పాలు పొంగిపోయాయి.

పచ్చ చీరైనా లేదు. బడిలో ఆడపిల్లల యూనిఫారం పచ్చదని, ఆ రంగు మీద ఉద్యోగమంతా విరక్తి. ఫ్రిజ్ తెరిచింది. పైన పెట్టె. లోపల పాలకూర కట్ట. తీసుకెళ్లి గ్రిల్లుకు కట్టింది.

కింద నుంచి సోమయ్య కేకేశాడు. "టీచరమ్మా, అదేంది?"

"కనబడ్తలేదా? పచ్చగనే ఉన్నది గద."

"గుడ్డ అని చెప్పిన. కూర అని చెప్పలే."

"నన్ను చూస్తున్నవ్ గద సోమన్నా. మంచిగనే ఉన్న. ఆల్ రైట్ అని పెట్టు."

"సిగ్నల్ లేకుంట పెట్టరాదు. నీది లేదని ఇందాకనే పెట్టిన." ఆయన గొంతు దీనంగా ఉంది. "నీ ఒక్కదానిదే కాదు. సగం బిల్డింగుల జెండలు లేవ్!"

నిన్న శ్రావణ శుక్రవారం. బిల్డింగులోని పచ్చజెండాలన్నీ ఇస్తినమ్మ వాయనమంటూ బయల్దేరి, పుచ్చుకుంటినమ్మ వాయనమంటూ ఎక్కడెక్కడికో చేరిపోయాయి. ఒక గ్రిల్లుకు రెండు పచ్చలు, ఇంకో గ్రిల్లుకు ఏమీ లేదు. ఇవి జెండాలని మగవాళ్లు అనుకున్నారు, రవికగుడ్డలని ఆడవాళ్లకు తెలుసు. సోమయ్య మెడలో విజిలుతో కింది అంతస్తు నుంచి తలుపులు కొట్టడం షురూ చేశాడు. "అంత మంచిగనేనా?" అని ఆయన, "పండగ తెల్లారి అదేం అడుగుడన్నా!" అని వాళ్లు.

విమలమ్మ ఎదురు బ్లాకు వైపు చూసింది. రామభద్రరావు గారి పచ్చగుడ్డ ఉంది. ఉండదా మరి? ఆ ఇంట్లో పేరంటం లేదు, వాయనం లేదు. బిల్డింగులో రవికగుడ్డ కాని జెండా అదొక్కటే. వసుధ వచ్చేలోపు అడిగి తెచ్చి కట్టుకుంటే సరి. చెప్పులు వేసుకుంది. మళ్లీ ఒకసారి చూసింది.

మిగతా గ్రిల్లులకున్న గుడ్డలు గాలికి ఎగురుతున్నాయి. ఇది ఎగరడం లేదు. ముదురు రంగుకు తిరిగి, ఊచలకు అంటుకుపోయి, కొసల నుంచి చుక్క చుక్కగా కారుతోంది.

పొద్దున కట్టింది కాదు. రాత్రంతా తడిసింది. నిన్న తాను చూసి నవ్వింది ఈ గుడ్డనే.

విమలమ్మ గ్యాస్ కట్టేసిందో లేదో కూడా చూసుకోలేదు. మెట్లు దిగి, పార్కింగు దాటి, ఆ బ్లాకు లిఫ్టెక్కి, రామభద్రరావు గారి బెల్లు కొట్టింది. తలుపు బాదింది. తలుపుకు చెవి ఆనించింది. లోపల ఎక్కడో నీళ్ల చుక్కలు పడుతున్న చప్పుడు. దాని వెనకాల, చాలా మర్యాదగా, ఒక మనిషి గొంతు. "ఎవరండీ?"

"సోమన్నా!" అని విమలమ్మ అరిచిన అరుపుకు హిందీ పాఠాలు నేర్చిన పిల్లలెవరైనా ఆ చుట్టుపక్కల ఉంటే లేచి నిలబడి ఉంటారు.

సోమయ్య వచ్చాడు. తాళంచెవి ఇంకెవరి దగ్గరా లేదు. దాని గురించి షరతుల్లో ఎవరూ ఆలోచించలేదు. అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఆ అరుపు విని వచ్చిన వసుధ దిగింది. వెనకాల ఎలక్ట్రీషియన్ డేవిడ్ రాజు, చేతిలో డ్రిల్లు.

"అమ్మా! జెండా లేదు, ఇంట్ల నువ్వు లేవు, పొయ్యి మీద పాలు... నా పానం పోయింది తెలుసా? ఇంక నువ్వు ఒక్క మాట..."

"నువ్వు ఆగు. డేవిడ్, ఆ డ్రిల్లు ఇటు పట్టుకరా. ఈ తాళం తెరువు."

"గోడల కోసం తెచ్చిన మేడం," అన్నాడు డేవిడ్ రాజు, ఎవరి మాట వినాలో తెలియక.

"లోపల రావు గారు పడ్డడు."

వసుధ నోరు మూతపడింది. డ్రిల్లు నోరు తెరుచుకుంది.

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత. రామభద్రరావు గారు దాన్ని చేసి చూపించారు. పడింది తుంటి మీద. పళ్ల సెట్టు వాష్‌బేసిన్ కింద ఉంది. స్నానాల గదిలో గోడకు ఆనుకొని, తువ్వాలు ఒంటి మీదికి లాక్కొని, తలుపు వైపు చూస్తున్నారు.

"రండి రండి," అన్నారు పళ్లు లేని నోటితో. "కూర్చోమనే స్థితిలో లేను. ఏమీ అనుకోకండి."

"ఎప్పుడు పడ్డరు సార్?" అన్నాడు సోమయ్య.

"నిన్న సాయంత్రం. కేకలు వేశానండీ. కింద పాటలు బాగా పాడుతున్నారు. తర్వాత వాన కూడా బాగానే పడింది." తువ్వాలు సర్దుకొని, "జెండా తీయలేకపోయాను. క్షమించాలి," అన్నారు.

విమలమ్మ ఆయన పక్కన తడినేల మీద కూర్చుంది. నోట్లో కొంచెం కొంచెం నీళ్లు పోసింది. పళ్ల సెట్టు కడిగి ఇచ్చింది. వసుధ అంబులెన్సుకు ఫోన్ చేసింది. పడ్డాయన వయసెంతని అడిగితే తల్లి వయసు చెప్పింది. తల్లి వింది.

అంబులెన్సు వెళ్లాక సోమయ్య మెట్ల మీద కూలబడ్డాడు. "రైల్వేల పగటికి జెండ, రాత్రికి దీపం. నేను దీపం మర్చిపోయిన టీచరమ్మా. తలుపులు కొట్టుకుంట ఈ ఇల్లు దాటి పోతుంటి. పచ్చ ఉన్నది గద అని."

"నేను నిన్న చూసి నవ్విన," అంది విమలమ్మ.

ఇంటికొచ్చారు. పొయ్యి ఆఫ్ చేసే ఉంది, వసుధ చేసింది. ఫ్రిజ్ మీది పెట్టె దించింది కూడా వసుధే.

"నేనేం సంతోషంతో చేస్తలేనమ్మా. రావు అంకుల్ ఇంట్ల కెమెరా ఉంటే నిన్ననే తెలుస్తుండె."

"బాత్రూంల పడ్డడు. బాత్రూంల పెడ్తవా?"

వసుధ ఫోన్ తీసింది. "చూడు, మా అత్తయ్య గదిల పెట్టిన. ఆమెకు ఏం తక్లీఫ్ లేదు. నువ్వే చూడు, ఎంత నిమ్మళంగ..."

ఫోన్ నిండా పచ్చ. గది లేదు, మంచం లేదు, అచ్చియమ్మ లేదు. అంచు నుంచి అంచు దాకా ఆకుపచ్చ. కామెర్లొచ్చినవాడికి లోకమంతా పచ్చ అంటారు. కెమేరాకు వచ్చిన కామెర్లు ఇవే మొదలు.

"అత్తయ్యా!" అని వసుధ ఫోన్లోకి అరిచింది. "అత్తయ్యా! ఏమైంది? వినబడుతుందా?"

"వినబడతంది అమ్మాయ్, చెవులు బానే ఉన్నాయి," అంది పచ్చదనం లోంచి అచ్చియమ్మ. "ఏటి?"

"ఏం కనబడ్తలేదు. అంతా పచ్చగ ఉంది!"

"అవునమ్మా. మీ అమ్మగారు పెట్టిన జాకెట్టు ముక్క. కప్పాను."

"ఎందుకు?"

"పచ్చ కనిపిస్తే అంతా బాగున్నట్టని వదినగారు సెప్పారు. కనిపిస్తంది కదా? నేను బాగున్నాను. జడేసుకుంటన్నాను."

విమలమ్మ తల పక్కకు తిప్పుకుంది. డేవిడ్ రాజు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. వసుధ ఫోన్ బల్ల మీద బోర్లించి, కుర్చీలో కూర్చుంది. పెట్టె అంచు గోటితో గీకింది.

"నువ్వు పడ్డప్పుడు నాకు చెప్పలేదు," అంది. "నాకు ఆ భయమమ్మా. పడ్తవని కాదు. పడి చెప్పవని."

విమలమ్మ మచ్చ మానిన మోచేతిని కొంగుతో కప్పుకుంది.

"చెప్తె ఈ పెట్టె తెస్తవని చెప్పలే," అంది. "తేకుంటే చెప్తా."

"నిజంగ?"

"పప్పు ఒలికినా చెప్తా. ఈ ఇంటి తాళంచెవి నీకొకటి, సోమన్నకొకటి. రావు గారొస్తే ఆయనది నా దగ్గర. పొద్దున ఒకసారి, చీకటి పడ్డంక ఒకసారి తలుపులు నేనే కొట్టొస్తా. జెండ ఉన్నా సరే, లేకున్నా సరే. మోకాళ్ల నొప్పులకు నడువుమని డాక్టర్ చెప్పనే చెప్పిండు."

డేవిడ్ రాజు గొంతు సవరించుకున్నాడు. "మేడం, డ్రిల్లు తెచ్చినందుకు ఏదన్న ఒకటి ఫిట్ చెయ్యాలె. ఏం చెయ్యమంటరు?"

"బాత్రూంల ఒక రాడ్ బిగించు," అంది విమలమ్మ. "వంటింటి గడప కాడ ఒకటి. రావు గారి ఇంట్ల ఒకటి. పట్టుకునేది పెట్టు. పట్టిచ్చేది వద్దు."

వసుధ నవ్వలేదు. కానీ రాడ్లు తేవడానికి డేవిడ్ రాజుతో తనే వెళ్లింది, పెట్టె చంకలో పెట్టుకొని.

రామభద్రరావు గారు ఆసుపత్రి నుంచి వాకర్‌తో తిరిగొచ్చారు. ఆయన తలుపు రెండు పూటలా విమలమ్మే కొడుతుంది. "బాగానే ఉన్నానండీ, ఉండండి, పళ్లు పెట్టుకొని వస్తాను" అని లోపలి నుంచి వినబడుతుంది. ఆమె ఉంటుంది. అవి పెట్టుకొని ఆయన మాటలు మొదలుపెడితే తొందరగా ఆపరు, అదొక్కటే తక్లీఫ్.

దసరాకు ముందు అచ్చియమ్మ మళ్లీ వచ్చింది. ఉత్త చేతులతో రాలేదు. అరటిపండ్లు, వాటి కింద పచ్చటి రవికగుడ్డ. రెండు మూలల్లో టేపు అంటించి పీకిన మరకలు.

"ఇది నీకు అక్కరలేదా వదినా?" అంది విమలమ్మ. "మరి కెమెరా?"

"అమ్మాయే ఊడదీసీసిందండి. ఇప్పుడు ఆఫీసుకు ఎల్లే ముందు తలుపు కొట్టి లోనికొస్తంది. మంచం మీద కూకుంటాది. నిన్న తనే తుమ్మింది."

"నువ్వేమన్నవ్?"

"ఆవిరి పట్టమన్నాను."

వాసు హారన్ కొట్టాడు. విమలమ్మ బీరువా తెరిచింది. ఈసారి పైన చేతికందింది ఇవ్వలేదు. ఒక్కో ముక్కా కిటికీ వెలుతురులో పెట్టి చూసి, గులాబీ రంగుదొకటి ఎంచి, వదినగారి చేతిలో పెట్టింది. టేపు మరకల పచ్చగుడ్డను మాత్రం బీరువాలో పెట్టలేదు. గ్రిల్లుకు కట్టింది. ఇప్పుడు దానితో పనేమీ లేదు. అయినా కింద నుంచి సోమయ్య చూసి, అలవాటు కొద్దీ చెయ్యెత్తి ఊపాడు.